అత్తయ్య ట్యాంకులు

మా అత్తయ్య పోయిన నెలలో ఒక శుక్రవారం ఉదయం, కాఫీ తాగి పేపరు చదువుకుంటూ కుర్చీలోనే కన్నుమూశారు. కబురు తెలిసి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలే. మెట్టుగూడలో మా ఇంటి ముందు చెప్పులు వీధి దాకా పరుచుకున్నాయి. సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పడానికి వివరాలు కావాలని కొత్తగా వచ్చిన పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "అమ్మగారికి ఇష్టమైన వ్యాపకాలేమిటమ్మా?" అని అడిగారు. "ట్యాంకు యుద్ధాలండీ" అన్నాను. ఆయన రాయడం ఆపి నా ముఖంలోకి చూశారు. దుఃఖంలో ఏదో అంటున్నాననుకున్నారేమో, "తోటపని" అని రాసుకున్నారు. అత్తయ్య జన్మలో ఒక మొక్కకి నీళ్లు పోసి ఎరగరు. అందుకే ఆయన చెప్పలేకపోయినది నేనిక్కడ చెబుతున్నాను.

నాది ఏలూరు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చిన కొత్తలో మా ఆయన, "రేపు చర్చి నుంచి రాగానే అమ్మ ట్యాంకులు దించుతుంది" అన్నారు. మేడ మీద నీళ్ల ట్యాంకు కడుగుతారు కాబోలనుకుని నేను చీర ఎగ్గట్టి, బకెట్టూ చీపురూ పట్టుకుని మెట్ల దగ్గర సిద్ధంగా నిలబడ్డాను. అత్తయ్య నన్ను ఎగాదిగా చూశారు. హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. ఆ చూపుకి క్లాసు క్లాసంతా నోరు మూసుకునేదట. నేను చీపురు వెనక్కి దాచుకున్నాను. అంతలో ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

"బకెట్టు అక్కడ పెట్టి రామ్మా. ఇవి నీళ్లు పట్టే ట్యాంకులు కావు" అన్నారు.

అత్తగారంటే నాకున్న భయం ఆ రోజుతో సరి.

లోపల భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. గుడ్డ కింద పుస్తకాలు దోపిన చోట కొండలు. నీలం రిబ్బను నది. మంచులో యుద్ధమైతే ఆకుపచ్చ గుడ్డ బదులు తెల్ల దుప్పటి. బీరువా మీంచి దించిన పెట్టెలో బొమ్మ యుద్ధ ట్యాంకులు. అగ్గిపెట్టెలకి రీఫిల్ గొట్టాలు అతికించి ఆవిడ చేసుకున్నవి కొన్ని, ఓడల్లో పనిచేసే ఆవిడ తమ్ముడు తెచ్చిన ప్లాస్టిక్‌వి కొన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కడో జరిగిన ఒక పోరు తీసుకుని, ఇద్దరూ చెరో సైన్యాన్ని నడపాలి. ట్యాంకు ఎంత కదిలిందో టేపుతో కొలవాలి. పేల్చిన గుండు తగిలిందా లేదా అన్నది పాచికలు వేసి తేల్చుకోవాలి.

రూల్సు పుస్తకం ఆవిడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నారు. మధ్యలో కొన్ని పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. ఆ పేజీల్లో ఏముండాలో ఆవిడే నిర్ణయించారు. మా ఇంటి వెనక గూడ్సు బండి వెళితే బల్ల అదిరి ట్యాంకులు కాస్త జరిగేవి. జరిగినవి జరిగిన చోటే ఉండాలన్నది ఆవిడ రూలు. "యుద్ధంలో భూమి అదరదా ఏమిటి?" అనేవారు.

ఆవిడతో తలపడేది పక్కింటి అంకుల్. ఆయనకి జనరల్ బజార్లో బట్టల కొట్టుంది. ఆ ఆకుపచ్చ గుడ్డ కూడా అక్కడిదే. మనిషి మంచివాడు, ఓపిక మాత్రం నిల్లు.

"ఏంది టీచరమ్మా, కొండ ఎనక గిట్ల దాక్కుంటే జంగ్ ఎట్ల షురూ అయితది? బయటికి రాండ్రి!"

"నేనొస్తే మీకు లాభం అన్నయ్యగారూ. నేనెందుకొస్తాను?"

ఇక ఉండబట్టలేక అంకుల్ తన ట్యాంకులన్నిటినీ ఒక్కసారే మైదానంలోకి తోలేవారు. అత్తయ్య తాపీగా ఒక్కొక్కదాన్నే కొట్టేవారు. నేను కాఫీలు తెచ్చేసరికి అంకుల్ సైన్యం పెట్టెలోకి చేరిపోయి ఉండేది. "పాచికలు ఖరాబున్నయ్" అని ఆయన జంతికలు నములుతుంటే అత్తయ్య వదిలేవారు కాదు. "ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలుసు. నేనెందుకు గెలిచానో చెప్పండి" అనేవారు. చెప్పేదాకా రెండో కాఫీ రాదు.

పెళ్లిళ్ల సీజన్లో అంకుల్ కొట్టు వదిలి రాలేనప్పుడు ఆవిడ నన్ను కూచోబెట్టేవారు. ట్యాంకుకి ముందువైపు ఇనుము మందం, పక్కన పల్చన. "శత్రువుకి పక్క చూపించకు" అన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం. పద్మారావు నగర్లో ఒక స్కూల్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళుతుంటే అత్తయ్య గేటు దగ్గర నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక చెవిలో, "పక్క చూపించకు" అన్నారు. ఆటోలో నాలో నేనే నవ్వుకుంటుంటే డ్రైవరు అద్దంలోంచి వింతగా చూశాడు. ఉద్యోగం వచ్చింది.

ఒక వేసవిలో అంకుల్‌కి పక్షవాతం వచ్చింది. మాట కాస్త తడబడ్డా తిరిగొచ్చింది కానీ కుడి చెయ్యి పడిపోయింది. కొన్నాళ్లకి ఆయన భార్య, ఆంటీ, మా ఇంటికొచ్చి ఏడ్చారు.

"ఎవ్వలతోని మాట్లాడ్తలేడు టీచరమ్మా. గోడ దిక్కు మొఖం పెట్టుకొని పండుకుంటుండు. చెయ్యి కదిలియ్యనీకి డాక్టర్ రబ్బరు బంతి ఇస్తే ఇసిరికొట్టిండు. జెర మీరన్న చెప్పుండ్రి."

మర్నాడు అత్తయ్య ట్యాంకుల పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరారు. గుడ్డా, ఒక చెక్క పలకా మోసుకుని నేను వెనకాల నడిచాను. అంకుల్ మంచం మీద అడ్డంగా పలక వేసి గుడ్డ పరిచాం.

"ఇప్పుడేం ఆట టీచరమ్మా. పొండ్రి" అని ఆయన గోడవైపు తిరిగిపోయారు.

అత్తయ్య విననట్టే రెండు సైన్యాలనీ సర్దారు. టేపు పెట్టి కొలిచారు. తర్వాత తన ట్యాంకుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసి, అంకుల్ ఫిరంగికి ఎదురుగా, ఏ చాటూ లేని చోట అడ్డంగా నిలబెట్టారు. అలాంటి పని ఆవిడ ఎన్నడూ చేసి ఎరగరు. పొరపాటు పడ్డారేమోనని నేను నోరు తెరిచాను. నా కాలు తొక్కారు.

అంకుల్ ఓరగా ఒకసారి చూశారు. మళ్లీ చూశారు.

"టీచరమ్మా... గా ట్యాంకు పక్క కనవడ్తుంది."

"కనిపిస్తే కొట్టండి."

ఆయన ఎడమ చెయ్యి చాచారు. అత్తయ్య పాచికలు గుప్పిట్లో మూసేశారు. "కుడి చేత్తోనే వెయ్యాలి."

"ఏ పుస్తకంల ఉంది గిట్ల?"

"చిరిగిపోయిన పేజీల్లో ఉంది."

అంకుల్ ఆ పుస్తకాన్నీ, పాచికల్నీ, డాక్టర్నీ కలిపి తిట్టారు. అత్తయ్య ఆయన కుడి అరచేతిలో పాచికలు పెట్టారు. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి వణికి పాచికలు వాటంతటవే జారి పడ్డాయి. అత్తయ్య వంగి చూసి, "తగల్లేదు. ఇప్పుడు నా వంతు" అని ఆయన ఫిరంగిని పేల్చేశారు.

"రేపు రాండ్రి, చెప్త!" అన్నారు అంకుల్, ముఖం ఎర్రగా చేసుకుని. తలుపు దగ్గర ఆంటీ కొంగు నోట్లో కుక్కుకున్నారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం యుద్ధమే. రోజూ అంకుల్ ఓడేవారు. ఒకరోజు వంటింట్లో ఆంటీ బతిమాలారు.

"ఒక్కపారి గెలువనియ్యరాదుండ్రి. ఖుష్ అయితడు."

"ఖుషీ అయితే హాయిగా పడుకుంటారు వదినా. కోపం వస్తే రేపు లేచి కూచుంటారు" అన్నారు అత్తయ్య.

లేచి కూచున్నారు. ముందు పాచికలు పట్టుకోగలిగారు. తర్వాత టేపు. తర్వాత ట్యాంకుని రెండు వేళ్లతో ఎత్తి, కావలసిన చోట దించగలిగారు. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం, చేతికర్ర ఊపుకుంటూ మా గుమ్మంలోకి వచ్చి, "అల్మారీ మీదికెల్లి పెట్టె దించుండ్రి" అని హుకుం వేశారు.

ఆ రోజు అంకుల్ కొండ వెనకనుంచి కదల్లేదు. అత్తయ్య ఎంత కవ్వించినా కదల్లేదు. మంచంలో పడుకుని ఓపిక నేర్చుకున్నట్టున్నారు. చివరికి విసిగిపోయి అత్తయ్యే మైదానంలోకి వచ్చారు. కాఫీ చల్లారేలోపు అంతా అయిపోయింది.

అంకుల్ కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నారు. "ఇప్పుడు చెప్పుండ్రి టీచరమ్మా. నేనెందుకు గెలిచిన?"

అత్తయ్య కావాలనే ఓడిపోయారని మా ఆయన ఇప్పటికీ అంటారు. నేను నమ్మను. కావాలని ఓడిన మనిషి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా అదే యుద్ధాన్ని ఒక్కతే మళ్లీ మళ్లీ పరుచుకుని చూసుకోదు. అన్నం దగ్గర మాత్రం, ఎవరూ అడక్కుండానే, "అన్నయ్యగారి చెయ్యి బాగా కుదిరింది కదూ" అని నవ్వారు.

ఇప్పుడు ఆదివారాలు నేనూ అంకులూ ఆడుతున్నాం. ఎక్కువసార్లు ఆయనే గెలుస్తున్నారు.

అత్తయ్యతో నేను ఆడిన ఆఖరి ఆట ఆవిడ పోవడానికి ముందు ఆదివారం. ఎదుటి ట్యాంకుని కొట్టాలంటే మన ట్యాంకుకి అది కనిపించాలి. నిలబడి చూసి తేల్చడం ఆవిడకి నచ్చేది కాదు. "పైనుంచి చూడ్డం దేవుడి పని. మనం ట్యాంకులో కూచున్నవాడిలా చూడాలి" అనేవారు. ఆ రోజు నేను నా ట్యాంకుని కొండ చాటున భద్రంగా దాచాననుకున్నాను. మోకాళ్లు నొప్పి పెడతాయని నేను చెబుతున్నా వినకుండా ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, వంగి, చెంప గుడ్డకి ఆనించారు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వాలుగా పడుతోంది. ముడి ఊడి తెల్లజుట్టు నది మీదుగా పరుచుకుంది. ఒక కన్ను గట్టిగా మూసి, రెండో కంటితో కొండ అంచు వెంబడే చూస్తూ, తల ఎత్తకుండానే నవ్వారు.

"ఉండు, కదలకు... ఇక్కణ్ణుంచి నువ్వు చక్కగా కనిపిస్తున్నావు."