నిండు ట్యాంకు

మా కొట్టంలో ఇప్పుడు పశువులు లేవు. ఒక పక్క ఖాళీ టమోటా క్రేట్లు, ఇంకో పక్క మా తమ్ముడి కారు, దాని మీద నల్ల పట్టా. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. కారు కదలదు.

టమోటాకు ఎవరూ అనుకోని ధర పలికిన ఏడాది వాడు ఆ కారు కొన్నాడు. టర్బో ఉన్న పెట్రోలు ఇంజను. ఆ ఏడాది మా ఊళ్లో కొందరు మిద్దెలు కట్టారు, కొందరు కొత్త బోర్లు వేశారు, వాడు కారు కొన్నాడు. ఆ తర్వాత వేసిన పంట ఒక్కటీ నిలవలేదు. ఒకసారి కోత కూలి కూడా రాదని కాయల్ని చేలోనే వదిలేశాం. ఇంకోసారి పూత మీద ఉండగా బోరు ఎండిపోయింది. వాడు మాట్లాడటం మానేశాడు. అన్నానికి పిలిస్తే వస్తాడు, తింటాడు, లేచి పోతాడు. కారు సంగతి ఎత్తితే మాత్రం ముఖంలోకి ప్రాణం వచ్చేది.

“అది తిరిగినన్ని దినాలే వాడు మనిషిగా ఉంటాడప్పా” అని మా అమ్మ ఒకనాడు నాతో అంది. అప్పటి నుంచి వీధి చివర ఆ కారు చప్పుడు వినబడితే నాకు కాస్త ఊపిరి ఆడేది.

నాకు కారు నడపడం రాదు. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా మదనపల్లె గ్రంథాలయంలోనే. మార్కెట్టులో కాయలు దించాక వేలం దాకా దొరికే ఖాళీలో అక్కడి బెంచీ మీద కూర్చుని చరిత్ర చదివాను, వైద్యం చదివాను, నక్షత్రాల గురించి చదివాను. వాడు కారు కొన్నాక, అట్ట ఊడిపోయిన మోటారు ఇంజన్ల పుస్తకం ఒకటి పట్టుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. అది పాతకాలపు పుస్తకం. అందులో కంప్యూటర్ల మాటే లేదు. కానీ గాలి, పెట్రోలు, నిప్పు ఎప్పుడూ ఒకటే గదా. నేను చదివింది చెబుతుంటే తమ్ముడు నవ్వేవాడు. “మాయన్న సైకిలు చైను పడితే ఎక్కించలేడు, ఇంజను మాత్రం నోటితోనే విప్పుతాడు” అని పదిమందిలో అనేవాడు. వాడు నవ్వుతున్నాడని నేను ఇంకా చెప్పేవాణ్ణి.

కుప్పంలో వాడికి తెలిసిన కార్ల షెడ్డు ఒకటుంది. అక్కడ టర్బో నుంచి వచ్చే పొగగొట్టం తీయించి లావుది వేయించాడు, సైలెన్సరు కూడా మార్పించాడు. ఇంటికొచ్చాక కారు తిన్నగా నడవలేదు. తొక్కితే ఒక్క క్షణం ఆగి ఎగిరి దూకేది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరేది కాదు. కారణం నాకు పుస్తకం చెప్పింది. పొగ సులువుగా బయటికి పోతోంది కాబట్టి టర్బో మునుపటి కంటే జోరుగా తిరిగి ఎక్కువ గాలి తోస్తోంది. ఇంజను కంప్యూటరు మాత్రం ఇంకా పాత గొట్టం లెక్కలోనే పెట్రోలు పోస్తోంది. ఆ లెక్కలు మార్చాలి అన్నాను. షెడ్డు మనిషి ఫోనులో అదే మాట అన్నాడు. తమ్ముడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇద్దరం కుప్పం వెళ్లాం. షెడ్డు మనిషి స్టీరింగు కింద వైరు తగిలించి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు దాటాక ఖాళీ రోడ్డు మీద తమ్ముడు మూడో గేరులో చివరి దాకా తొక్కడం, ఆయన గీతలు చూసి అంకెలు మార్చడం, మళ్లీ తొక్కడం, ఇదే పని. వెనక సీట్లో నేను, చదివిందంతా తెర మీద గీతలై కదులుతుంటే కళ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి కారు దూకడం మానేసింది, నీళ్లు జారినట్టు పోయింది. తమ్ముడు పాట అందుకున్నాడు. వాడు పాడగా విని ఎన్నాళ్లైందో.

దిగేముందు ఆయన ఒక్కటే గట్టిగా చెప్పాడు. “ఖరీదు పెట్రోలుకు కట్టినాను సామీ ఈ లెక్క. మామూలుది పడకూడదు. తెలీక పడిందంటే, తొక్కకుండా మెల్లగా నా కాడికి వచ్చేయండి.” మామూలు పెట్రోలు ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. నిప్పు రవ్వ మంట తన దాకా రాకముందే తనంతట తాను పేలి పిస్టను నెత్తిన సుత్తి దెబ్బ వేస్తుంది. దాన్ని నాక్ అంటారని పుస్తకంలో ఉంది. మదనపల్లెలో ఆ మంచి పెట్రోలు ఒక బంకులో దొరికేది. తమ్ముడు ఇంకెక్కడా ఆపేవాడు కాదు.

మా అక్కను పుంగనూరులో ఇచ్చాం. బావకు కర్ణాటకలో ముల్బాగల్ పక్క దగ్గరి చుట్టాల పెళ్లి వచ్చింది. కారు అడిగాడు. అల్లుడు అడిగితే లేదనే ఇల్లు కాదు మాది. తమ్ముడు ట్యాంకు నింపి, పోయి రావడానికి సరిపోతుందని లెక్క చూసి, తాళం చేతికిచ్చి, “పెట్రోలు మాత్రం పట్టించొద్దు బావా” అన్నాడు. బావ వాడి భుజం తట్టి సరేనన్నాడు.

మా పక్క కారు అరువు తీసుకున్నవాడు ట్యాంకు నింపకుండా తిరిగిస్తే పరువు తక్కువ. ఇచ్చినవాడు వద్దనడం, తీసుకున్నవాడు వినకపోవడం, రెండూ మర్యాదే. అందులోనూ కర్ణాటకలో పెట్రోలు చవక. బార్డరు దాటినవాడెవడూ అక్కడ నింపుకోకుండా తిరిగి రాడు. తమ్ముడు వద్దన్నాడు కాబట్టే బావ తప్పకుండా నింపాడు.

పెళ్లి మరునాడు మధ్యాహ్నం బావ కారు తెచ్చి వాకిట్లో ఆపాడు. తాళం ఇస్తూ, “అంచు దాకా పోయించినా బామ్మర్దీ” అన్నాడు. ఆ వెంటనే కారును పొగడటం మొదలుపెట్టాడు. మనుషులు, సామాన్లు, కారు నిండా ఉన్నా మిట్టలన్నీ నాలుగో గేరు దించకుండా ఎక్కేసిందట. “కంకర కొట్టినట్ల సప్పుడొకటి వస్తానే ఉండాది. కొత్త సైలెన్సరు గదా, ఇట్లే ఉంటాదేమో అనుకున్యా.”

కంకర కొట్టినట్టు. మా పుస్తకంలో నాక్ చప్పుడును గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు ఉంటుందని రాశారు. నేను తమ్ముడి ముఖం చూశాను. వాడు బావకు మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు.

బావను బస్సెక్కించి వచ్చి స్టార్టు చేశాడు. ఇంజను కుంటుతూ వణికింది. వెనక నీలం పొగ. అట్లే మెల్లగా మదనపల్లె తీసుకుపోతే, అక్కడి మెకానిక్కు గేజీ పెట్టి చూసి, ఒక సిలిండరులో ఒత్తిడే లేదని, లోపల పిస్టను అంచు విరిగి ఉంటుందని చెప్పాడు. ఇంజను కిందికి దించి విప్పాలన్నాడు. అంత డబ్బు మా దగ్గర లేదు. తమ్ముడు బానెట్టు తనే మూసేశాడు. ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. దారి పొడవునా వాడు ఆ చచ్చిన కారు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

బావకు సంగతి చెప్పాలన్నాను. గాలి, ఒత్తిడి, పెట్రోలు రకాలు అన్నీ అర్థమయ్యేలా చెప్పగలనన్నాను. చెప్పగలను కూడా.

“సెప్పొద్దునా” అన్నాడు. “అక్క ఆడ బతకాల.”

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చదివిందంతా నిజమే. ఆ నిజం నా నోట్లోనే ఉండిపోయింది. వాడిప్పుడు నన్ను ఎగతాళి కూడా చేయడు. కొన్నిసార్లు పట్టా ఎత్తి లోపల కూర్చుంటాడు, తలుపు వేసుకుంటాడు. అమ్మ వాకిట్లో నుంచి చూసి లోపలికి పోతుంది. ఈ ఏడాది మళ్లీ నారు పోద్దామా అని అడిగితే, నీ ఇష్టం అంటాడు.

మొన్న అక్కాబావా వచ్చారు. కొట్టంలో పట్టా చూసి బావ, “యాలప్పా, కారు తీయడం లేదు?” అన్నాడు.

“పెట్రోలు అయిపోయింది బావా.”

బావ పగలబడి నవ్వాడు. “నేను పోయించిందంతా అప్పుడే తాగేసిందా. నీ కారుకు దప్పిక జాస్తి బామ్మర్దీ.” తమ్ముడు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను పంచ దిగి బయటికి వెళ్లాను.

నిన్న బావ ఒక్కడే మళ్లీ వచ్చాడు. పని మీద బార్డరు దాటాడట, బస్సువాణ్ణి బతిమాలి కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాడట, పెద్ద తెల్ల డబ్బా నిండా పెట్రోలు. చెమటలు కారుతున్నాయి. తమ్ముడు ఎదురు పోయి రెండు చేతులా అందుకున్నాడు. “నీకెందుకు బావా ఇంత శ్రమ” అన్నాడు.

కొట్టంలోకి తీసుకుపోయి కారు పక్కన దించాడు.