దర్గా ముందర బేస్తవారం

నా కొడుకు జ్వరంతో పోయినాక నాకు ఏడుపు రాలేదు. అవి యుద్ధం నాటి రోజులు. కిరసనాయిలు దొరక్క పొద్దు గూకకముందే వంట ముగించేవాళ్లం. వండేదాన్ని, పేడ ఎత్తేదాన్ని, ఎవరన్నా పలకరిస్తే పలికేదాన్ని. చన్నుల్లో పాలు మాత్రం ఆగలేదు. మల్లెపూలు కట్టుకుంటే ఇంకిపోతాయని మా అత్త తెచ్చి కట్టింది. ఇంకలేదు.

అత్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక బేస్తవారం బండి కట్టించి, "పుంగనూరు దర్గాకు పోదాం పా. ఆడ ఫకీర్లు పాడతారు. మనసు బాగలేనోళ్లకు మంచి జరుగుతాదంట," అనింది. సరేనన్నాను. నాకు ఔనన్నా ఒకటే, కాదన్నా ఒకటే.

దర్గా ముందర బయలంతా జనం. మా మాదిరి సేద్యగాళ్లు, ఊళ్లో సాయబులు, చాపల మీద జబ్బుమనుషులు. ఫకీర్లు దఫ్‌లు వాయిస్తా పాట ఎత్తుకున్నారు. జనం గొంతు కలిపారు. ముసలి ఫకీరు ఒకాయన నెమలీకల కట్టతో నా తల నిమిరి, నీళ్లలో ఊది ఇచ్చాడు. తాగాను. చుట్టూ ఆడోళ్లు ఏడుస్తాంటే చూస్తా కూర్చున్నాను.

మా పక్కన గాజులమ్మే సాయబుల అవ్వ ఒకామె ఉండింది. ఆమె కోడలు జ్వరంతో తెలివి లేకుండా పడుంది. అవ్వ ఒళ్లో పసిది. మేకపాలలో గుడ్డ ముంచి నోట్లో పెడితే ఉమ్మేసి గుక్కపెట్టింది. ఆ ఏడుపుకు నా రవిక తడిసిపోయింది.

"బిడ్డను ఇట్లియ్యవ్వా," అన్నాను.

అవ్వ మా అత్త మొహం చూసింది. "మేం సాయబులం గదమ్మా."

అత్త లేచొచ్చి నాకు అడ్డంగా కూర్చుని కొంగు చాపి పట్టుకునింది.

బిడ్డ తాగింది. దఫ్ గట్టిగా మోగినప్పుడు ఆగి, మళ్లా తాగింది. అప్పుడు నీకెట్లుండిందని తర్వాత చాలామంది అడిగినారు. బరువు తగ్గింది, అంతే. నా కొడుకు గుర్తుకు కూడా రాలేదు.

పాట ముగిసినాక అత్త, "తెల్లారితే ఆ బిడ్డకెట్ల?" అనింది.

"నేను ఈడనే ఉంటాను."

అత్త బండి తిప్పి పంపించేసి నాతోపాటు అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ల వంట మాత్రం తినలేదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి మా ఇద్దరికీ వేరుగా వండింది. పగలంతా అవ్వతో కలిసి ఆ కోడలికి తడిగుడ్డలు వేసేది.

కోడలికి జ్వరం దిగింది. ఒక పొద్దున గోడకానుకుని కూర్చుని, బిడ్డ కోసం చేతులు చాపింది. ఇచ్చేశాను. అవ్వ నా చేతులకు గాజులు తొడుగుతా ఏడ్చింది. నేను చేతులు చాపి కూర్చున్నాను.

బండి మళ్లా పిలిపించుకుని ఊరికి తిరిగొచ్చే దారిలో, "అత్తా, ఆకలేస్తాండాది," అన్నాను. కొడుకు పోయినాక నోరు తెరిచి అన్నం అడిగింది అప్పుడే. అత్త బండి ఆపించి సద్దిమూట విప్పింది. ఏడుపు రావడానికి ఇంకా చానా నాళ్లు పట్టింది.