పళ్ల లెక్క కలవని ఇరుసు

జీపు నాది. ఈ మాట నా జీవితంలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. రాజంపేట దగ్గర నిమ్మతోటలో మా నాయన నడిపిన బండి అది. నాకు ఆలూరు వైపు పశువుల డాక్టరుగా పోస్టింగు వచ్చినప్పుడు ఆయనే తాళం నా చేతిలో పెట్టాడు. "ఆ నల్లరేగడిలో వానొస్తే కారు గాదు గదా, ఎద్దులు గూడా కదలవు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలమ్మా నీకు" అన్నాడు. కాగితాలు నా పేరు మీదున్నాయి. డీజిలు నేనే పోయించుకుంటాను, పంచరైతే చక్రం నేనే మార్చుకుంటాను. అయినా ఆ బండి గురించి మాట్లాడాల్సి వస్తే మగవాళ్లు నా పక్కన నిలబడ్డ మగవాడి మొహమే చూస్తారు.

రెండేళ్ల కిందట ఒకే వానాకాలంలో వెనక ఇరుసులో షాఫ్టు రెండుసార్లు తెగింది. రేగడి మన్ను చక్రానికి పట్టుకుందంటే ఒక్కో చక్రం బండరాయంత బరువవుతుంది. దాన్ని తిప్పలేక లోపలి షాఫ్టు చెరుకుగడలా పుటుక్కుమంటుంది. రెండోసారి తెగినప్పుడు చక్రమే ఊడి బయటికి వచ్చింది. ఎందుకంటే ఆ పాతరకం ఇరుసులో బండి బరువును మోసేదీ చక్రాన్ని తిప్పేదీ ఆ ఒక్క షాఫ్టే. బరువు బండ్ల ఇరుసు అలా ఉండదు. బరువంతా బయటి గొట్టం మోస్తుంది, షాఫ్టు తిప్పడమే చేస్తుంది. అది తెగినా చక్రం ఊడిపోదు. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదవలేదు. ఒక బురద సాయంత్రం ఊడిన చక్రం పక్కన కూర్చుని, లాగడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరును అడిగి అడిగి తెలుసుకున్నాను.

అందుకే వెనక ఇరుసు మొత్తం మార్చాలని నిర్ణయించుకున్నాను. బరువు బండిది, పాతదైనా మంచిది దొరికితే చాలు. కానీ ఒక్క షరతు ఉంది. ఇరుసు లోపల పెద్ద పళ్లచక్రం, చిన్న పళ్లచక్రం ఉంటాయి. ఆ రెండింటి పళ్ల లెక్క ముందు ఇరుసులో ఎంతుందో వెనక ఇరుసులోనూ అంతే ఉండాలి. లేకపోతే నాలుగు చక్రాలకూ పని చెప్పినప్పుడు ముందువి ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. మధ్యలో గేరుపెట్టె నలిగిపోతుంది.

కర్నూల్లో మా మరిదికి తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. మా మరిది ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఆదివారాలు స్నేహితులతో పాడుబడిన క్వారీల్లో జీపులెక్కించే పోటీలకు పోతాడు. బండ్ల మీద పిచ్చి ఉన్న మనిషి, సాయం చేస్తాడనుకున్నాను. ఇద్దరం కలిసి షెడ్డుకు పోయాం.

"ముందు దాంట్లో పళ్ల లెక్క ఎంతుంది? మీరు వేసే దాంట్లో ఎంతుంది?" అని మెకానిక్కును అడిగాను.

అతను మా మరిది వైపు తిరిగాడు. "అన్నా, తుక్కులో మాంచి ఇరుసు హౌసింగు వచ్చింది. ఏనుగును కట్టినా లాగుతాది. టైర్లు గూడా పెద్దవి ఏసుకుంటే బండి సూసేకి శానా బాగుంటాది."

"నేనడిగింది పళ్ల లెక్క."

"సేమే మేడం, సేమే" అన్నాడు, అప్పటికీ నావైపు చూడకుండానే.

"వదినా, ఇవన్నీ నీకెందుకు చెప్పు? నువ్వు పో, నీకు టీకాల పనుండాది గదా. నేను దగ్గరుండి చేపిస్తా" అన్నాడు మా మరిది.

నేను పోయాను. ఈ కథలో నా తప్పంటూ ఉంటే అదే. దాన్ని ఇప్పటికీ క్షమించుకోలేదు.

పది రోజుల తర్వాత బండి వచ్చింది. నడుము ఎత్తు టైర్లు, ముందు నాలుగు లైట్లు. ఎక్కాలంటే చీర పైకి దోపుకోవాలి. తారు రోడ్డు మీద బాగానే నడిచింది. తారు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయి కాబట్టి ఏ లోపమూ బయటపడదు. ఆ తర్వాత వాన కూడా మొహం చాటేసింది. రెండు నెలలు నాలుగు చక్రాల గేరు వేసే అవసరమే రాలేదు.

తర్వాత ఒక్కసారిగా మూడు రోజుల వాన కురిసింది. నాలుగోనాటి పొద్దున పది గంటలకు ఒక గొర్రెల కాపరి ఫోన్ చేశాడు. ప్రతి ఏడూ నేను టీకాలు వేసే గొర్రెల మందే అతనిది.

"డాక్టరమ్మా, గొర్రెలు జొన్న పిలకలు మేసినాయి. కోసిన మోళ్లకు వానకి సిగుర్లొచ్చినాయి, నేను సూసుకోలే. నురగలు కక్కతాండాయి. రెండు అప్పుడే పడిపాయ. యాడుండావు తల్లీ?"

"వస్తాండా. చేలోంచి బయటికి తోలు, ఇంకేం మేయనీవద్దు" అన్నాను.

ఎండిన జొన్నకు వాన తగిలి వచ్చిన చిగురు విషం. దానికి విరుగుడు ఇంజక్షను ఉంది. కానీ అది గంటల మీద నడిచే వైద్యం కాదు, నిమిషాల మీద నడిచేది. మందు సంచిలో వేసుకుని బయల్దేరాను. పదకొండు కిలోమీటర్లలో సగం మట్టిదారి. రేగడి మొదలవగానే నాలుగు చక్రాల గేరు వేశాను. బండి ముందుకు పోతోంది గానీ గింజుకుంటూ పోతోంది, ముక్కుతాడు పట్టి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు. బురద కదా అనుకున్నాను. వంక దగ్గర నేలంతా పరుపురాయి, గట్టి నేల. అక్కడ గేరు తీసేద్దామంటే లివరు రాలేదు. రెండు చేతులా లాగాను. కదల్లేదు. రాతి మీద ఇరవై గజాలు పోయిందో లేదో, కాళ్ల కింద బాంబు పేలినట్టు శబ్దం. బండి ఆగిపోయింది. కింద నూనె కారుతోంది.

ఇంకా రెండు కిలోమీటర్లుంది. సంచి భుజానికి వేసుకుని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. అంత బురదలో పరుగెత్తడం కుదరదు. పది అడుగులకోసారి ఆగి కాళ్లకంటుకున్న మన్ను గీకేసుకుంటూ ముప్పావు గంట నడిచాను.

నేను చేరేసరికి పదకొండు గొర్రెలు పడి ఉన్నాయి, కాళ్లు బిగుసుకుని, కళ్లు తెరుచుకుని. వణుకుతూ నిలబడ్డ వాటికి నరంలోకి మందు ఎక్కించాను. అవి బతికాయి. బండి ఆగకుండా ఉంటే నేను అరగంట ముందే అక్కడుండేదాన్ని. పదకొండింటిలో ఏడో ఎనిమిదో దక్కేవి. కాపరి చనిపోయిన ఒక సూడిగొర్రె తల తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బండి సెడిపాయనయ్యా" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"నడిసి వచ్చినావు గదమ్మా. అది సాలు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

బండిని ట్రాక్టరుతో రోడ్డుకు లాగించి, లారీ మీద కర్నూలు షెడ్డుకు చేర్పించి, సెలవు పెట్టి నేనూ పోయాను. మా మరిదినీ రమ్మన్నాను. మెకానిక్కు పగిలిన గేరుపెట్టె విప్పి, "మేడంకి గేరు ఎయ్యడం తెలీక పగిలింటాదన్నా" అన్నాడు మా మరిదితో.

నేను సుద్దముక్క తీసుకున్నాను. ముందు చక్రం ఒకటి జాకీతో లేపించాను. టైరు మీద ఒక గీత, ఇరుసులోకి పోయే పొడుగు రాడ్డు మీద ఒక గీత గీశాను. చక్రాన్ని నా చేత్తో రెండు చుట్లు తిప్పుతూ రాడ్డు ఎన్నిసార్లు తిరిగిందో పైకి లెక్కపెట్టాను. అయిదు చుట్లూ, ఇంకో మూడో వంతు పైన. వెనక చక్రం లేపించి అలాగే తిప్పాను. అయిదుకు కూడా చేరలేదు.

"ఇదేనా సేమ్?" అన్నాను.

మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మా మరిది, "అప్పుడే తెలుసు వదినా. కొంచెమే గదా తేడా, నడుస్తాదన్నాడు. ముందుది గూడా మార్చాలంటే శానా దినాలు పడుతుందని..." అన్నాడు.

"తెలుసా నీకు?"

"పోటీ దగ్గర పడింది వదినా. ఒక్కసారి బండిని ఎక్కించి చూద్దామని తీసుకపోయినా. తరువాత మార్పిద్దామని మర్చిపోయినా."

నా బండిని నాకు అప్పగించక ముందే తన పోటీకి తీసుకుపోయాడు. అరిచాను. ఇరవయ్యేళ్లలో ఎవరి మీదా అరవనంతగా అరిచాను. పక్క షెడ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. పదకొండు గొర్రెలు అని, సూడిగొర్రె అని, ఎవరి బండి అనుకున్నారని, ఏమేమి అన్నానో వరుస లేదు. ఇంటికొచ్చాక నా భర్త, "నలుగుర్లో అట్లా అరుస్తారా? తమ్ముడు గదా, పోనీలే" అన్నాడు. ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇరుసు మాత్రం ఈసారి నేనే ఎంచుకున్నాను. వెనక వేసిన బరువు ఇరుసు నిజానికి మంచిదే, దాన్ని ఉంచాను. దానికి సరిపోయే పళ్లచక్రాల జత ముందు ఇరుసుకు కావాలి. కడపలో పాత సామాన్ల సందులో రెండు రోజులు తిరిగి, ప్రతి జతనూ పన్ను పన్నూ లెక్కపెట్టి కొన్నాను. వాటితో పాటు వేరే గేరుపెట్టె బిగించేటప్పుడు స్టూలు వేసుకుని షెడ్డులోనే కూర్చున్నాను. పెద్ద టైర్లు పీకించి పాత కొలతవి వేయించాను. బిగించాక మళ్లీ సుద్దగీతలు గీసి తిప్పాను. రెండూ కలిశాయి. మెకానిక్కు ఆ రోజు మొదటిసారి నావైపు చూసి మాట్లాడాడు. నాకేం సంతోషం కలగలేదు.

మా మరిదిని ఒక్కటే అడిగాను. "నాతో వచ్చి ఆ కాపరి ముందర నిలబడి, 'తప్పు నాది' అని చెప్పు" అన్నాను. నెలల తరబడి దాటవేశాడు. చివరికి ఎండాకాలంలో ఒకరోజు వచ్చాడు. నేనే నడిపాను. దారి పొడుగునా ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

కాపరి ఇంటి ముందు దొడ్డి ఖాళీగా ఉంది. వాళ్లమ్మ గడపలో కూర్చుని ఉంది. "వాడు ఈడ లేడమ్మా. మిగిలిన గొర్రెల్ని అమ్మేసి, పెండ్లాన్ని తీసుకుని బళ్లారి పక్కకి కూలికి పాయ. దుడ్లు సాలక పాయ. ఎప్పుడొస్తాడో" అంది.

నేను మా మరిది మొహం చూశాను. చెప్పాల్సిన మాట తప్పిపోయిందని ఆ మొహంలో బాధ ఉంటుందనుకున్నాను. కానీ అతని భుజాలు కిందికి దిగాయి, ఊపిరి వదిలాడు, గండం గడిచినట్టు.

షెడ్డులో వచ్చిన కోపం కంటే ఆ క్షణంలో వచ్చిన కోపమే పెద్దది. "అయితే ఆ మాట ఆమెతో చెప్పు" అన్నాను. అతను ముసలామె వైపు చూసి, నావైపు చూసి, "ఆమెకేం అర్థమవుతాది వదినా" అని జీపు ఎక్కి కూర్చున్నాడు.

నేను ఎక్కలేదు. ముసలామె పక్కన గడప మీద కూర్చుని, ఆ రోజు బండి ఎందుకు ఆగిపోయిందో మొదటినుంచీ చెప్పాను. ఇరుసులో పళ్లంటే ఏమిటో, అవి కలవకపోతే ఏమవుతుందో నేల మీద గీసి చూపించాను. ఆమె అంతా విని, జీపులో కూర్చున్న మనిషి వైపు చెయ్యి చూపించింది.

"వానికి ముందే తెలుసునా?" అని అడిగింది.

"తెలుసు" అన్నాను.