ఓడిపోయిన మ్యాచ్ వీడియో

మా అమ్మాయి హాకీలో గోల్‌కీపర్. చలికాలమంతా మా జాన్సన్‌విల్ ఇంటి గరాజ్‌లో దాని ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ ఆరుతూ ఉండేవి. కారు బయటే ఉండేది. నేను నర్సుని, మా ఆయన సాఫ్ట్‌వేర్. మా ఇద్దరిలో ఎవరికీ ఆటలతో పరిచయం లేదు. స్కూల్ ఆఖరి ఏడాదికి ముందు ఒకరోజు వాళ్ల కోచ్ మమ్మల్ని పక్కకు పిలిచి, అమెరికా కాలేజీలు హాకీ ఆడే ఇతర దేశాల అమ్మాయిలకు స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుంటాయని, మీ అమ్మాయి ప్రయత్నించవచ్చని చెప్పింది. అక్కడి కోచ్‌ల కంట పడాలంటే ఆట వీడియోలు ఏదో ఒక యాప్‌లో పెట్టాలట.

ముందు ఉచితంగా దొరికే యాప్ తీసుకున్నాం. ఎత్తు, మార్కులు, ఆడే స్థానం, ఒక చిన్న వీడియో పెట్టాం. అంతే. కొన్ని వారాలు ఏమీ జరగలేదు. తరువాత ఒక సందేశం వచ్చింది. ఎవరో కోచ్ మీ అమ్మాయి పేజీ చూశారు, ఎవరో తెలుసుకోవాలంటే డబ్బు కట్టి సభ్యులవ్వండి అని.

"ఊరికే వచ్చేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? పెయిడ్ యాప్ తీసుకుందాం. వాళ్లకు అన్ని కాలేజీలతో కాంటాక్ట్స్ ఉంటాయి" అన్నారు మా ఆయన. ఆయన అప్పటికే అలాంటివి రెండు మూడు చూసి, వాటిలో ఒకదాని వాళ్లతో ఫోన్ మాట్లాడే ఏర్పాటు కూడా చేశారు.

ఫోన్‌లో మాట్లాడినతను చాలా మర్యాదస్తుడు. మీ అమ్మాయిలో ఏదో ప్రత్యేకత ఉంది, ఇలాంటి వాళ్ల కోసం కోచ్‌లు ఎదురుచూస్తుంటారు అన్నాడు. తన ఆట చూశారా అని అడిగాను. ఇంకా చూడలేదు, కానీ నమ్మకం ఉందన్నాడు. సోఫాలో పడుకుని వింటున్న మా అమ్మాయి దిండు మొహం మీద పెట్టుకుని నవ్వింది. మా ఆయన మాత్రం కొన్ని నెలలకు సరిపడా డబ్బు కట్టారు.

కట్టినందుకు పని జరగలేదని అనలేను. నేను తీసిన మ్యాచ్ వీడియోలన్నీ పంపితే, వాళ్లు కత్తిరించి, సంగీతం కలిపి, అందమైన చిన్న వీడియో చేసి ఇచ్చారు. మా అమ్మాయి చుట్టూ పసుపు రంగు వలయం. ఎటు దూకితే అటు బంతి వచ్చి దాని చేతికే తగులుతుంది. ఒక్క గోల్ కూడా పడదు. ఇండియాలో మా అక్కకు పంపితే, వీధిలో అందరికీ చూపించింది. మా అమ్మాయి ఒకసారి చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"బాలేదా?" అన్నాను.

"నైస్‌గా ఉంది. బట్ నేను అలా ఆడను కదమ్మా" అంది.

ఆ వీడియో ఎన్నో కాలేజీలకు వెళ్లింది. జవాబులు కూడా వచ్చాయి. అన్నీ ఒకేలా ఉండేవి. మా వేసవి శిబిరానికి రండి, రుసుము చెల్లించి చేరండి అని. మా ఆయన ఒక్కొక్కటీ జాగ్రత్తగా చదివేవారు. కొన్నాళ్లకు చదవడం మానేశారు.

ఈలోగా మా అమ్మాయి మాకు చెప్పకుండానే కొన్ని కాలేజీల వెబ్‌సైట్లు వెతికి, హాకీ కోచ్‌లకు తనే నేరుగా మెయిల్స్ రాసింది. ఒక కోచ్ జవాబిచ్చింది. కత్తిరించని మ్యాచ్ ఒకటి, మొదటి నుంచి చివరి వరకు పంపమంది. మా అమ్మాయి ఎంచుకున్నది చిత్తుగా ఓడిపోయిన మ్యాచ్. ఆ రోజు గాలికి నా చేతిలో ఫోన్ నిలవలేదు. బొమ్మ ఊగిపోతూ ఉంటుంది. మధ్యమధ్య "లే నాన్నా, లే, లేచి నిలబడు" అని నా కేకలు.

"ఓడిపోయిన మ్యాచ్ ఎవరైనా పంపుతారా?" అన్నారు మా ఆయన.

"ఆ మ్యాచ్‌లోనే నాకు ఎక్కువ పని పడింది నాన్నా" అంది.

ఉచిత యాప్‌లోనే ఆ మ్యాచ్ మొత్తం పెట్టి, లింకు పంపింది. కొద్ది రోజులకు ఆ కోచ్ వీడియో కాల్ చేసింది. ఆదివారం ఉదయం. నేను కెమెరాకు కనపడకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాను. వరసగా గోల్స్ పడ్డాక కూడా నువ్వు డిఫెండర్లను పేరుపేరునా పిలిచి ఎక్కడ నిలబడాలో చెబుతూనే ఉన్నావు, అది నాకు నచ్చింది అంది ఆవిడ. ఆ వీడియోలో అరుస్తున్నది ఎవరని కూడా అడిగింది. "మా మమ్" అని చెప్పి మా అమ్మాయి గుమ్మం వైపు చూసింది.

చోటు ఇవ్వడానికి సిద్ధమేనంది ఆవిడ. అప్పుడు మా అమ్మాయి, మీ జట్టులో ఇప్పుడు గోల్‌కీపర్లు ఎంతమంది అని అడిగింది. ఆవిడ దాచలేదు. ఇద్దరున్నారు, ఇద్దరూ బాగా ఆడతారు, వాళ్లు వెళ్లేదాకా నువ్వు ప్రాక్టీస్ చేస్తూ ఆగాల్సి ఉంటుంది అని చెప్పింది.

మా ఆయనకు ఆ మాట పెద్ద అడ్డంకిగా అనిపించలేదు. "చదువు చదువే కదా. ఆట కొంచెం లేటైతే ఏమైంది?"

"చదువు ఇక్కడ కూడా ఉంది నాన్నా. నేను ఆడటానికి కదా వెళ్దామనుకుంది? బెంచ్ మీద కూర్చోవడానికి అంత దూరం ఎందుకు?"

వారం తరువాత మా అమ్మాయి ఆ కోచ్‌కు కృతజ్ఞతలు చెప్పి, రానని రాసింది. ఆవిడ మంచి జవాబే ఇచ్చింది. ఆ ఏడాది చివర మా అమ్మాయికి ఈ దేశంలోనే, క్రైస్ట్‌చర్చ్‌లో యూనివర్సిటీ సీటు వచ్చింది. ఆ ఊళ్లోనే రిక్కార్టన్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఫ్లాట్ తీసుకుంది.

ఈ మధ్య పాపకూర అనే ఊరి నుంచి మా ఆయనకు తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి టెన్నిస్ ఆడతాడట. ఏ యాప్ మంచిదని అడిగారు. వీడియోలు పెట్టుకోవడానికి ఉచితంగా వచ్చేది చాలని, మెయిల్స్ మాత్రం అబ్బాయినే రాయమనండని మా ఆయన చెప్పారు. పెయిడ్ తీసుకుంటే ఏమైనా నష్టమా అని ఆయన మళ్లీ అడిగారు. నష్టమని కాదు, వీడియో చాలా బాగా చేస్తారు అన్నారు మా ఆయన.

మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీ రెండో జట్టులో ఉంది. ప్రతి శనివారం ఆడుతుంది. గోల్స్ బాగానే పడుతున్నాయట. గెలిచిన రోజు సాయంత్రమే ఫోన్ చేస్తుంది. ఓడిపోతే ఆదివారం దాకా చేయదు. మేమూ శనివారం అడగం.