బొట్లు పెట్టిన బస్సు అద్దం

నా చిన్నప్పుడు మా బాబాయి ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి బస్సు నడిపేవాడు. ఆ రోజుల్లో బస్సు డ్రైవరంటే జమీందారుకన్నా ఒక మెట్టు పైనే. ఆయన హారను కొడితే వీధిలో పిల్లలందరం తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తేవాళ్ళం. బాబాయికి అప్పటికింకా పిల్లల్లేరు. అన్న కూతురినైన నేనే ఆయన ముద్దూ మురిపెమూ.

ఒకసారి కంకర రోడ్డు మీద రాయి ఎగిరొచ్చి బస్సు ముందద్దానికి తగిలింది. మొదట చిన్న గాటే. గతుకుల్లో ఆ బస్సు పడ్డ పాట్లకి వారం తిరక్కుండా అది జానెడు చీలిక అయింది. కొత్త అద్దం చెన్నపట్నం నుంచి రావాలి. అంతవరకూ బస్సు ఆపడమంటే బాబాయికి తల కొట్టేసినట్టు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. చీలిక పొడుగునా పసుపు పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టి, పైనుంచి బంతిపూల దండ వేలాడదీశాడు. ఎక్కినవాళ్ళందరూ "ఎంత భక్తండీ ఈ డ్రైవరుగారికి!" అని మెచ్చుకునేవారు. ఆయన వినయంగా తల వంచుకునేవాడు. ఆ వినయం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

ఒక సాయంత్రం అన్నం తింటూ ఆయనే నోరు జారాడు. పొద్దున తూర్పుముఖంగా వెళ్తుంటే ఎండ ఆ చీలిక మీద పడి కళ్ళు చెదిరాయట. కాలవ గట్టు దిగి రోడ్డు దాటుతున్న బాతుల మంద కనిపించనే లేదట. ఎవరో కేకేస్తే ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాడట. బాతులు తనని ఎలా తిట్టాయో అభినయించి చూపిస్తే మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మా నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"బాతులు సరేరా, వాటిని కాసేవాడు ఎక్కడున్నాడు?" అని అడిగింది.

"వాటి మధ్యలోనే ఉన్నాడులే అమ్మా," అంటూ బాబాయి మజ్జిగ పోయించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నాకు పట్టు పరికిణీ కట్టి, జడలో పూలు పెట్టి బస్సు దగ్గరికి తీసుకెళ్ళింది. డ్రైవరు పక్క సీట్లో రోజూ మిషను బడి టీచరమ్మగారు కూర్చునేవారు. ఆవిడ పనిచేసే బడి దారిలో ఒక ఊళ్ళో ఉంది. "ఏవండీ, ఇవాళ్టికి మీ చోటు మా పిల్లకిస్తారా?" అని నాయనమ్మ అడగ్గానే ఆవిడ నవ్వుతూ వెనక సీట్లోకి మారారు. నన్నక్కడ, సరిగ్గా ఆ బొట్ల ఎదురుగా కూర్చోబెట్టి, నాయనమ్మ కిందే నిలబడింది. నాకైతే సింహాసనం ఎక్కినట్టే ఉంది.

బాబాయి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. నన్ను చూశాడు. అద్దాన్ని చూశాడు.

"పాపని వెనక్కి పంపమ్మా, ఇక్కడ గాలి కొడుతుంది."

"అద్దముందిగా నాయనా, గాలెందుకు కొడుతుంది?"

బాబాయి స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. నాయనమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "రోజూ ఆవిడ కూర్చుంటే నడిపావు కదరా. ఇవాళ మన పిల్ల కూర్చుంటే చెయ్యి రాదేం?"

ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. కిందికి దిగి, తడిగుడ్డతో బొట్లన్నీ తుడిచేశాడు. చీలిక రెండు జానలైంది. పసుపు కింద అదెంత పెరిగిందో ఆయనా చూసుకోలేదు. అందరికీ నిజం చెప్పేసి, టీచరమ్మగారికి చేతులు జోడించి, నన్ను దించి, అక్కడికక్కడే చట్రం మరలు విప్పడం మొదలుపెట్టాడు. రెండో మర కదిలిందో లేదో, అద్దం భళ్ళున విడిపోయి, కత్తుల్లాంటి ముక్కలు నేను లేచొచ్చిన సీటు నిండా పడ్డాయి. బాబాయి నన్నెత్తుకుని చాలాసేపు వదల్లేదు. నాకు భయం వేసింది అప్పుడే.

కొత్త అద్దం వచ్చేదాకా బస్సు కదల్లేదు. టీచరమ్మగారు కాలవ పడవలో బడికెళ్ళారు. బాబాయి రోజూ ఆవిడ పుస్తకాల సంచీ రేవుదాకా మోసి పడవెక్కించి వచ్చేవాడు. "డ్రైవరుగారు పడవలోకి మారారాండీ?" అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టిస్తే ఆయనా నవ్వేవాడు.

నాయనమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం ఏదైనా చేస్తూ, వాళ్ళకి ఈమాత్రం చాల్లే అనిపించినప్పుడల్లా, వాళ్ళ చోట నా పిల్లని కూర్చోబెట్టి చూసుకుంటాను. చాలాసార్లు చెయ్యి రాదు.