గొంతు మార్తక్కది

నిన్న పొద్దున దంతెవాడ బస్టాండులో ఒక జీపు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు గానీ పాట ఆపలేదు. బస్తర్ వాళ్ళ హల్బీ భాషలో పెళ్ళిపాట. మధ్యలో ఆంధ్రా సరిహద్దున కొంటా వైపు వాళ్ళ కోసం కలిపిన ఒక తెలుగు చరణం. ఆ చరణం ఎత్తుకోబోతూ పాడే మనిషి తీసుకునే ఊపిరి వినగానే, టీ గ్లాసు చేతిలో ఉండగానే నేను ఆగిపోయాను. ఆ గొంతు కిరందుల్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు మార్తక్కది. ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను గానీ, ఒకప్పుడు ఇదే పాట విని వీడియోలో ఆడే పిల్లను ప్రేమించినవాణ్ణి నేను. గొంతు ఒకరిది, గంతు ఒకరిది అని తెలియదు. అప్పటికే ఆర్కెస్ట్రాలలో సౌండు మిక్సర్ ముందు కూర్చునేవాణ్ణి కనుక నా చెవుల మీద నాకు గొప్ప గురి. ఆ పిల్లను చూడాలని జగ్దల్‌పూర్ వెళ్ళి, స్టూడియో గేటు దగ్గర ఒక పూటంతా నిలబడి, గేటును మాత్రం బాగా చూసి వచ్చాను.

వచ్చిన సాయంత్రమే పెరట్లో కూర్చుని ఫోనులో ఆ పాట పెద్దగా పెట్టుకున్నాను. గోడ అవతల మార్తక్క బట్టలు ఆరేస్తోంది. నలభై దాటిన మనిషి, లోకో పైలట్ భార్య. ఆదివారాలు చర్చిలో పాడుతుందని మాత్రమే నాకు తెలుసు. “సౌండు తగ్గించరా బాబూ. ఆ తెలుగు చరణం కాడ నాకు జలుబు. తెలిసిపోతంది,” అంది. నేను నవ్వాను. ఆవిడ పళ్ళ మధ్య పట్టుకున్న క్లిప్పు తీసి, దుప్పటి దులుపుతూ ఆ చరణం పాడింది. జలుబు లేదన్న తేడా తప్ప అదే పాట. నా ప్రేమ ఆ దుప్పటితో పాటే తీగ మీద ఆరిపోయింది.

మార్తక్క చీపురుపల్లి వైపు నుంచి పెళ్ళయి వచ్చింది. చర్చి పాటల నుంచి వినాయక చవితి పందిళ్ళకూ, పందిళ్ళ నుంచి పెళ్ళి ఆర్కెస్ట్రాలకూ, అక్కడి నుంచి జగ్దల్‌పూర్‌లో తీసే వీడియో ఆల్బమ్‌లకూ చేరింది. హిందీ కాలనీలో అబ్బింది, హల్బీ సంతలో కూరగాయలు బేరమాడుతూ నేర్చుకుంది. ఆ వ్యాపారంలో పద్ధతి ఒకటే: పాడేది ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడవాళ్ళు, కనిపించేది కాలేజీ వయసు పిల్లలు, వీడియో కింద పేరు కనిపించే పిల్లది. ఆ పిల్లల బతుకూ అంతంతమాత్రమే. పెళ్ళి కుదిరిందనో, లావయిందనో ముఖాన్ని మార్చేసేవారు. గొంతు మాత్రం మార్తక్కదే.

ఆవిడే నన్ను ఆ ఆల్బమ్‌ల యజమాని దగ్గర సౌండు పనికి పెట్టించింది. అందరూ ఆయన్ని భయ్యా అనేవారు. నేను మొదట చేసిన ఘనకార్యం, పాట శుభ్రంగా ఉండాలని పదాల మధ్య ఆవిడ ఊపిరి చప్పుళ్ళన్నీ కత్తిరించడం. మార్తక్క అది విని, హెడ్‌ఫోన్లు తీసి నా ముందు పెట్టింది. తర్వాత మెల్లగా, “ఊపిరి కోసీకురా. లోపల మనిషి ఉందని తెలిసేది అదొక్కటే,” అంది. అప్పటి నుంచి ఎవరి ఊపిరీ కొయ్యలేదు. వినడమంటే ఏమిటో నాకు ఆ మాటతోనే తెలిసింది.

పేరు లేదని బాధ లేదా అని ఒకసారి అడిగాను. “మీ బావ ఇనపరాయి బండి లాగుతాడు. ఆ రాయికి ఆయన మొహం తెలుసేటి?” అని నవ్వేసింది. కానీ ఒకసారి ఊరెళ్ళి వచ్చాక నవ్వలేదు. వాళ్ళమ్మకు ఫోనులో వీడియో చూపిస్తే, ఇది నువ్వు కాదే అందట. పాట నాదేనమ్మా అంటే, కింద పింకీ అని రాసుంది కదా అని పక్కింటి పిల్ల చదివి చెప్పిందట. “అమ్మ కాడ అబద్ధాలకోరునైపోయాన్రా,” అంది. ఆ ఒక్క పాటకైనా తన పేరు వెయ్యమని భయ్యాను అడిగింది. ‘దేఖేంగే దీదీ, అగ్లే గానే మే’, వచ్చే పాటకు చూద్దాంలే అన్నాడాయన. వచ్చే పాట ఎప్పటికీ వచ్చే పాటగానే ఉండిపోయింది. ఆవిడ తరఫున నేను మాట్లాడబోతే, సౌండు చూసుకో, సౌండు చెయ్యకు అని హిందీలో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఉద్యోగం కదా.

ఆ ఏడు బచేలీ గనుల టౌన్‌షిప్ మైదానంలో దసరా పూజల ప్రోగ్రాం. స్టేజీ మీద పింకీ. తోంగ్‌పాల్ ఊరి పిల్ల, మంచి పిల్ల, చేతిలో పని చెయ్యని మైకు. తెర వెనక ప్లాస్టిక్ కుర్చీలో మార్తక్క, చేతిలో పని చేసే మైకు. పాట అవగానే మిక్సర్ మీద మీట లాగి ఆ మైకు సౌండు దించడం నా పని. తెలుగు చరణానికి గనుల్లో పనిచేసే మనవాళ్ళు ఈలలు వేశారు. పాట ముగిసింది. పింకీ తల వెనక్కి వాల్చి సీసాతో నీళ్ళు తాగుతోంది. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, “మన తెలుగు చక్కగా పలికావమ్మా. ఏ ఊరమ్మా మీది?” అని అడిగాడు.

ఇంత దూరం వచ్చి బతుకుతున్న మా వాళ్ళు దేనికైనా మౌనంగా ఉండగలరు గానీ, పెద్దవాళ్ళు ఊరడిగితే ఉండలేరు. “చీపురుపల్లి అవతల బాబూ,” అన్నాయి స్పీకర్లు. “నా పేరు మార్త. మా ఆయన లోకో పైలట్టు.” జనమంతా పింకీ వైపు చూశారు. ఆమె ఇంకా నీళ్ళు తాగుతూనే ఉంది. మూత పెట్టాక సంగతి అర్థమై, పగలబడి నవ్వి, తెర జరిపి మార్తక్కను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. జనం ఆ చరణం మళ్ళీ పాడించుకున్నారు.

ఎవరో ఫోనులో తీసింది చీపురుపల్లి దాకా వెళ్ళింది. వాళ్ళమ్మ నమ్మింది. బావ రిటైరయ్యాక వాళ్ళు ఊరెళ్ళిపోయారు. నాకిప్పుడు దంతెవాడలో సొంత సౌండు షాపు ఉంది. నా స్టేజీ మీద ఏ అమ్మాయి పాడినా, మైకు టెస్టింగుకు ఆమె తన పేరే చెప్పాలి.

ఆ రోజు బచేలీలో ప్రోగ్రాం కాగానే భయ్యా మండిపడుతూ వచ్చి, మైకు ఎందుకు దించలేదని అడిగాడు. పొరపాటైందన్నాను. పొరపాటు కాదు. పాట అయ్యేసరికే నా వేలు ఆ మీట మీద ఉంది. పెద్దాయన లేవడం చూశాను. మనవాడే అని పోల్చుకున్నాను. ఊరు అడక్కుండా కూర్చోడని తెలుసు. అడిగేదాకా ఆగాను.