గుడ్డుకు కోసిన కిటికీ

మా జువాలజీ మేడం పోయారని మొన్న మంగళవారం వాళ్ళక్కగారు ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. అప్పుడు నేను రామచంద్రపురంలో, పాఠం చెప్పే కాలేజీ ల్యాబ్‌లో, పొదుగుతున్న కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోస్తున్నాను. ఆ పని నేర్పింది మేడమే. ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ కత్తెర పట్టుకున్నాను. అది బొటనవేలికి దిగింది.

రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ హేచరీ నుంచి గుడ్లను బుట్టలో తుండుగుడ్డ పరిచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. "పక్కన పెట్టుకోండి మేడం, ఎవరూ ఎత్తుకుపోరు" అని కండక్టరు నవ్వితే, "కుదుపుకి చస్తాయి నాయనా" అనేవారు. అట్టపెట్టె, బల్బు, గిన్నెడు నీళ్ళు. అదే మా పొదుగుడు యంత్రం. నాలుగో రోజు పెంకు కోసి చూస్తే, తడి కాగితం మీద ఎర్ర సిరా పాకినట్టు రక్తనాళాలు. మధ్యలో కొట్టుకునే చుక్క.

మేడం ఆ నాళాలు చూపిస్తూ చెప్పేవారు: "ఊపిరాడని కణం కేకేస్తుందర్రా. ఆ కేక ఒక ప్రోటీను. పక్క నాళం గోడలో ఉన్న కణానికి అది తగిలితే చాలు, పిలిచింది ఎవరని అడగదు. మొలకేసి బయల్దేరుతుంది."

"కణితి పిలిచినా వెళ్తుందా మేడం?" అన్నాను.

"వెళ్తుంది. కణితికీ ఆ కేక వచ్చు. రాకపోతే ఆవగింజంత దగ్గరే ఆగిపోయేది."

రికార్డులో నేను గీసిన నాళాల బొమ్మ కింద ఆకుపచ్చ సిరాతో 'చాలా బాగుంది' అని రాశారు.

ఆరేళ్ళ తరవాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి ఫోన్ చేశారు. "రొమ్ములో గడ్డ తగులుతోంది. రేపు స్కానింగుకి నువ్వు రా. అక్కయితే భయపడుతుంది, నీకు భయం లేదుగా" అన్నారు. నా గురించి మేడం పొరబడింది అక్కడొక్కచోటే. తెర మీద నల్లటి గడ్డ, దాని చుట్టూ ఎరుపూ నీలం రంగుల్లో కొమ్మలు. డాక్టరుగారు గడ్డ కొలతలు రెండోసారి తీసుకున్నారు. మేడం తల తిప్పి చూసి, "నీ రికార్డులో బొమ్మలాగే ఉందే" అన్నారు. నిజమే.

ఆపరేషనయ్యాక పుండు ఎంతకీ మానలేదు. ఆ కేక నాళానికి అందకుండా అడ్డుపడే మందు కొత్తగా వచ్చిందని పేపర్లో చదివి, మేడం దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "డాక్టరుగారిని అడుగుదామండి, ఇప్పుడే అడుగుదాం" అన్నాను.

"ముందు ఇది మాననీ అమ్మా. కోసిన చోట కొత్త చర్మం రావాలన్నా ఆ కేకే కావాలి. దాని నోరు నొక్కేస్తే ఇదీ ఆగిపోతుంది."

మూడో నెలలో పుండు అంచు గులాబీ రంగుకి తిరిగింది. ఫస్టు ర్యాంకు వచ్చిన పిల్లలా చూపించారు. నేనూ నవ్వాను గానీ, ఆ రంగు చూస్తే భయమేసింది. ఇక్కడికి వచ్చిన నాళాలు ఇంకెక్కడికి వెళ్తున్నాయో? అడగలేదు. తరవాతి స్కానింగులో కాలేయంలో ఇంకో గడ్డ కనబడింది.

"భయమేస్తే బొమ్మ గీసుకో" అనేవారు. "చెయ్యి కుదురుగా ఉంచాలి కదా, భయం కూడా కాసేపు కూర్చుంటుంది." ఆవిడ పోయినప్పట్నుంచి నాలుగు కాగితాలు పాడుచేశాను. గీత వణుకుతూనే ఉంది.

బొటనవేలు మానుతోంది. మానుతున్నకొద్దీ కట్టు విప్పి చూసుకుంటున్నాను. ఎంత చిన్న గాయం నుంచైనా లోపల ఆ కేక వెళ్తూనే ఉంటుందని నాకు నేర్పిన మనిషి లేరు. నిన్న ల్యాబ్‌లో, మేడం చేసినట్టే నేను చేసుకున్న పొదుగుడు అట్టపెట్టె మూత తీసి, బల్బుకి అడ్డంగా వేలు పెట్టాను. గాయం చుట్టూ ఎర్రగా వెలిగింది. పక్కనే, ఆ మంగళవారం కిటికీ కోసి టేపు అతికించిన గుడ్డు. వంగి చూశాను. చుక్క కొట్టుకుంటోంది.